బాపమ్మ ద్రాక్షకల్లు

మా తమ్ముడి కొడుకు వికాస్ ఈ మధ్య రైతు అయ్యాడు. భూమి లేదు, ఎడ్లు లేవు, మబ్బుల కోసం ఆకాశం వైపు చూసే పని అసలే లేదు. సూరత్‌లో డబ్బున్నవాళ్ళు కొత్తగా కట్టుకున్న వైపు, లిఫ్టు ఎక్కితే చెవులు దిబ్బడ వేసేంత ఎత్తున ఒక ఫ్లాటు కొన్నాడు. దానితో పాటు పైన డాబాలో మంచం పట్టేంత జాగా వాడి వంతుకు వచ్చింది. ఆ జాగాలోనే ఇప్పుడు వ్యవసాయం. మట్టి కూడా కొరియర్‌లో వచ్చిందని చెప్పినప్పుడు నాకు నవ్వాగలేదు. మట్టి వదిలించుకోవడానికి ఊరు విడిచి రైలెక్కిన వాళ్ళ మనవడు, అదే మట్టిని బస్తాల్లో తెప్పించుకొని గుమ్మంలో సంతకం పెట్టి దింపించుకున్నాడు. స్ట్రాబెర్రీలు, ఏదో నీలం రంగు పండ్ల చెట్టు, ఇనుప పైపుల మీద పాకించిన నల్లద్రాక్ష తీగ ఒకటి. నీలం పండ్ల చెట్టుకు సూరత్ ఎండ పడదట, దాని కోసం ఒక ఫ్యాను పెట్టాడు. కుండీలో తడి ఆరిపోతే వాడి ఫోనులో గంట మోగుతుంది. దాహమేసిన మొక్క ఫోను చేసి చెప్పుకునే రోజులు వచ్చాయి. మా కాలంలో దాహమేసిన మనిషి చెప్పుకుంటేనే వినేవాళ్ళు తక్కువ.

మొన్న నన్ను పిలిచింది ఆ తోట చూపించడానికే. పండిన స్ట్రాబెర్రీని ముందు ఫోటో తీశాడు, తర్వాత చాకుతో మూడు ముక్కలు కోసి నాకొకటి, పెళ్ళానికొకటి ఇచ్చి మిగిలింది తను తిన్నాడు. పుల్లగా ఉంది. బాగుందన్నాను, ఎందుకంటే మూడో వంతు పండు పెట్టిన వాడిని నొప్పించడం ఎందుకు. అప్పుడన్నాడు వాడు: "అత్తమ్మా, తాత గూడ ద్రాక్ష పెంచి వైన్ చేసిండట గద. డాడీ చెప్పిండు. అంటే మన ఖాన్‌దాన్‌లనే ఉన్నదన్నట్టు గీ హాబీ." ఆ మాట నాకు మింగుడు పడలేదు. మా నాన్నకు, మా బాపు నర్సయ్యకు, హాబీ అనే మాట కూడా తెలియదు. పన్నెండు గంటలు మరమగ్గాల మధ్య నిలబడి వచ్చిన మనిషికి హాబీ అంటే కాళ్ళు చాపుకోవడమే. బాపు ద్రాక్ష పెంచింది తన తల్లి చావు కోసం. ఈ మాట వినడానికి అదోలా ఉంటుందని నాకు తెలుసు, అందుకే మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది.

మేం సూరత్‌లోనే పర్వత్ పాటియా పక్కన, వరస గదుల చాలీ ఒకదానిలో ఉండేవాళ్ళం. కింద సాంచెలు, పైన మనుషులు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలు అంటారు. అవి పగలూ రాత్రీ ఆడేవి, వాటితో పాటు మా గోడలూ గిన్నెలూ గోడకు కొట్టిన దేవుడి పటాలూ ఆడేవి. మేం మాట్లాడుకోవడం అరుపుల మీదే నేర్చుకున్నాం. కరెంటు పోయి సాంచెలు ఆగితే చిన్నపిల్లలు భయపడి ఏడ్చేవాళ్ళు. అన్నంలో దారాల నూగు, నీళ్ళలో నూగు, అమ్మ తలలో నూగు. పొద్దున్నే జొన్నరొట్టెల చప్పుడు, దాని మీద నూనె మరిగిన వాసన, కింద నుంచి యంత్రాల గ్రీజు వాసన. ఇంటి యజమాని శేఠ్ శాకాహారి, గుడ్డు పేరు వింటేనే కళ్ళు మూసుకునే మనిషి. అందుకని గాలి కాలువ వైపు వీస్తున్న పూటే ఎండుచేపలు వేయించాలని అమ్మ ఒక నియమం పెట్టుకుంది. గాలి ఎటు వీస్తోందో చెప్పడంలో మా అమ్మకు సాటి వచ్చే జాలరి ఆ తీరంలో ఉండి ఉండడు.

ఇక గుజరాత్‌లో మందు నిషేధం సంగతి తెలిసిందే. మా చాలీలో మగవాళ్ళందరూ చట్టాన్ని గౌరవించేవాళ్ళు. కాకపోతే వాళ్ళకు సముద్రం అంటే ప్రాణం. జీతాలు రాగానే సముద్రం చూడాలని మనసు పుట్టేది. సూరత్ పక్కనే సముద్రం ఉన్నా, అది నచ్చక రైలెక్కి దమణ్ దాకా పోయి చూసేవాళ్ళు, ఎందుకంటే అక్కడి సముద్రం పక్కన నిషేధం లేదు. తెల్లారి ఎర్రటి కళ్ళతో తిరిగొచ్చాక, సముద్రం ఎట్ల ఉంది అని ఆడవాళ్ళు అడిగితే ఒక్కరూ సరిగా చెప్పేవాళ్ళు కాదు. బాపు మాత్రం పోయేవాడు కాదు. ఆయనకు తాగుడు అలవాటు లేదు. ఊరి కల్లు తప్ప మరొకటి ఆయన నాలుకకు ఎక్కలేదు, ఆ ఊరి కల్లు సూరత్‌కు రాదు.

బాపమ్మ, అంటే బాపు తల్లి లచ్చవ్వ, మా తాత పోయాక సూరత్‌కు వచ్చింది. వస్తూ ఒక చీరల మూట, ఒక రోకలి, ఒక దిగులు తెచ్చుకుంది. దిగులు ఏమిటంటే, ఇక్కడ చస్తే తనకు పిట్ట ముట్టదు. మాలో మనిషి పోయిన మూడోనాడు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి బయట ఉంచుతాం. అన్నం, మాంసం, పక్కన దొప్పలో కల్లు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే వాళ్ళ మనసు ఇక్కడే తిరుగుతున్నట్టు. బాపమ్మకు అన్నం మీద పట్టింపు లేదు, మాంసం మీద కొంచెం ఉంది, కల్లు మీద మాత్రం గట్టి పట్టింపు. ప్రతి సాయంత్రం బాపు పనిలోంచి రాగానే అదే మాట ఎత్తేది. "నర్సిగా, నన్ను ఊరికి తోలియ్యి బిడ్డా. ఈడ సస్తే దొప్పల ఏం పోస్తవు నాకు? చాయ్ పోస్తవా?" ఊళ్ళో ఇల్లు అమ్మేశాం, తోలిస్తే చూసే దిక్కు లేదు. బాపు నీళ్ళు తాగి, చెమట తుడుచుకొని, రోజూ ఒకే జవాబు చెప్పేవాడు. "ఈడనే ఏర్పాటు జేస్త అవ్వా. నువ్వు రందివెట్టుకోకు."

ఏర్పాటు మొదట నీరాతో మొదలైంది. పొద్దున పూట సూరత్‌లో బండ్ల మీద నీరా అమ్ముతారు. ఈత చెట్ల నుంచి తీసిందే, తియ్యగా, చల్లగా ఉంటుంది, చట్టానికి ఏ ఇబ్బందీ లేదు. బాపు ఆశగా ఒక చెంబుడు తెచ్చి తల్లి ముందు పెట్టాడు. బాపమ్మ ఒక గుక్క తాగి, కొడుకు ముఖం చూసి, "ఇది పసిపోరగాండ్లకు పోసేది" అంది. పులియబెడదామని మచ్చు మీద దాచాడు. వాళ్ళు కుండకు సున్నం పూసి దింపుతారట, అందుకని అది పులియలేదు, రెండు రోజులకు పాడు వాసన కొట్టింది. చెట్టు పుట్టిన తీరు ఒకటే, పెరిగిన తీరే వేరని బాపమ్మ తేల్చింది. గుజరాత్ ఈతచెట్టుకు కూడా ఇక్కడి చట్టం తెలుసని మా అమ్మ నవ్వింది.

అప్పుడు రంగంలోకి ఎల్లయ్య కాక దిగాడు. మా పక్క గదిలో ఉండేవాడు, బాపుతో పాటే సాంచెల మీద పని. సూరత్ రాకముందు ఆయన హైదరాబాద్ బయట ద్రాక్షతోటల్లో కొంతకాలం ఉన్నాడు. ఏం పని చేశాడంటే ఒక్కోసారి ఒక్కోటి చెప్పేవాడు. మేస్త్రీ అనేవాడు, తోటమాలి అనేవాడు. పండ్ల పెట్టెలు లారీలోకి ఎక్కించే పని అని తర్వాత వాళ్ళ ఆవిడ మా అమ్మతో చెప్పింది. కానీ పెట్టెలు మోసినవాడికి కూడా పెట్టెలో ఏముందో తెలుస్తుంది కదా. ఆయన బాపును కూర్చోబెట్టి, కాలు మీద కాలు వేసుకొని చెప్పాడు. "నర్సన్నా, కల్లు ఏంది? తీపి పులిస్తే కల్లు. తాటిచెట్టు డాబా మీద పెరగది. ద్రాక్షతీగ పెరుగుతది. పండ్లు పిండి జాడీల వెట్టు, అది గూడ కల్లే. దొరలు తాగేది గదే." దొరలు తాగేది అన్న మాట బాపమ్మకు బాగా నచ్చింది. దొర కల్లు తాగి చచ్చిన నేతగత్తెను ఊళ్ళో ఎవరూ చూడలేదు మరి.

తీగ కొమ్మను ఎల్లయ్య కాకే ఎక్కడి నుంచో తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. సూరత్ పక్కన సచిన్ అనే చోట రంగుల కార్ఖానాలో పనిచేసే ఒకాయన నీలం డ్రమ్ము ఇచ్చాడు. దాన్ని సగానికి కోసి, బూడిదతో తోమి, మట్టి నింపి డాబా మీద మా తలుపు ముందే పెట్టారు. ఎంత తోమినా ఆ డ్రమ్ము నుంచి మొదటి వానాకాలం దాకా చీరల మార్కెట్టు వాసన పోలేదు. ఇక ఎరువు. ద్రాక్షకు రక్తం, చేప పడాలని ఎల్లయ్య కాక శాసనం. కాబట్టి ఆదివారం మాంసం కడిగిన నీళ్ళు, ఎండుచేపల తలకాయలు, అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఆ డ్రమ్ములో వేసేది. ఒకసారి శేఠ్ డాబా మీదికి వచ్చి గాలి పీల్చి, ఇదేం వాసన అని అడిగాడు. "ఖాద్ హై శేఠ్‌జీ, హమారే గావ్ కా" అన్నాడు బాపు. ఎరువే కదా, అబద్ధం కాదు. మీ ఊరి పంటలు ఎట్లా తింటారయ్యా అని జాలిపడి ఆయన దిగిపోయాడు.

తీగ బాగా పెరిగింది. ఎంత బాగా అంటే పందిరి దాటి, దండెం దాటి, కరెంటు తీగ మీద పడి వీధిలోకి దిగింది. ఆకులు అరచేతులంత. కాయ మాత్రం ఒక్కటీ లేదు. ఎండాకాలాలు గడిచాయి. కొమ్మలు కొట్టాలేమో అని ఎవరో అన్నారు, బాపు ఒప్పుకోలేదు. పెరిగేదాన్ని కొడతారా, పాపం అన్నాడు. దారం తెగితేనే ఓర్చుకోలేని మనిషి, తీగ ఎట్లా కోస్తాడు. బాపమ్మ రోజూ దాని కిందే కూర్చొని కండెలకు దారం చుడుతూ, పైకి చూసి, "నేను వోయెటట్టే ఉన్న గని ఇది కాసెటట్టు లేదు" అనేది. చివరికి ఒకరోజు కరెంటువాళ్ళు నిచ్చెన వేసుకొని వచ్చి, మా తీగ వల్ల లైను దెబ్బతింటోందని, అడిగే దాకా కూడా ఆగకుండా కనిపించిన కొమ్మనల్లా నరికేసి పోయారు. మిగిలింది మొండి మొద్దు. బాపు ఆ పూట అన్నం తినలేదు. చాలీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పలకరించి పోయారు, ఇంట్లో మనిషి పోయినట్టే. ఆ తర్వాత వచ్చిన చిగురుకు గుత్తులు గుత్తులుగా పూత పట్టింది. ఎల్లయ్య కాక గుత్తి ఒకటి పట్టుకొని చూసి, నేను చెప్దామనుకుంటున్ననే, గట్ల కొడితేనే కాస్తది అన్నాడు.

పండ్లు నల్లగా నిగనిగలాడేవి, నోట్లో వేసుకుంటే పులుపుకు ఒక కన్ను మూతపడేది. పిల్లలం పందెం కట్టి తినేవాళ్ళం, ఎవరు ముఖం చిట్లించకుండా నమిలితే వాళ్ళు గెలిచినట్టు. అమ్మ వాటితో పప్పు చేసింది, పచ్చడి చేసింది, చింతపండు కొనే పని తప్పిందంది. శేఠ్ భార్యను అందరం బా అనేవాళ్ళం, అంటే వాళ్ళ భాషలో అమ్మ అని. ఆమె మాత్రం మొదటి గుత్తిని వెండి పళ్ళెంలో పెట్టుకొని పోయి తన బాలకృష్ణుడికి నైవేద్యం పెట్టింది. ఏ చేపల తలకాయలు తిని ఆ తీగ కాసిందో తెలిసిన మా అమ్మ లోపలికి పోయి చెంపలు వేసుకుంది. "దేవునికి పండు ముచ్చట గని ఎరువు ముచ్చట ఎందుకు వదినె" అని ఎల్లయ్య కాక ధైర్యం చెప్పాడు. బా ప్రతి ఏడూ అట్లాగే పెట్టింది, వాళ్ళింట్లో అందరూ చల్లగానే ఉన్నారు. మధ్యాహ్నాలు ఆమె గోధుమలు చెరుగుతూ, బాపమ్మ కండెలు చుడుతూ ఆ పందిరి కిందే కూర్చునేవాళ్ళు. ఆమె గుజరాతీలో మాట్లాడేది, ఈమె తెలుగులో జవాబిచ్చేది. ఒకరి భాష ఒకరికి రాదు. కొడుకుల మీద ఫిర్యాదులకు భాష అక్కర్లేదని అప్పుడే తెలుసుకున్నాను.

ఇక కల్లు పెట్టడం. పెద్ద పచ్చడి జాడీలో పండ్లు పిసికి, చక్కెర కలిపి, మూతి మీద గుడ్డ కట్టాలి. గుడ్డ కట్టే పని బాపుది. అక్కడే దెబ్బతిన్నాం. బాపు నేతగాడు. ఇంకొకడైతే పాత ధోతీ ముక్క కప్పి వదిలేసేవాడు. బాపు పాలిస్టరు గుడ్డ నాలుగు పొరలు వేసి, సాంచె దారం పేని, నేతగాడి ముడి వేశాడు. ఆ ముడి బిగిస్తే దారం తెగాలి తప్ప వదలదు. పులిసే వస్తువుకు ఊపిరి ఆడాలన్న సంగతి ఎవరికీ తోచలేదు, పైగా కింద సాంచెలు జాడీని పగలూ రాత్రీ ఊపుతూనే ఉన్నాయి. ఒక పొద్దున అమ్మ రొట్టెలు చేస్తుండగా అది పేలింది. గోడ, దేవుడి పటాలు, తమ్ముడి స్కూలు చొక్కా, పిండి ముద్ద అన్నీ వంకాయ రంగు అయ్యాయి. తలుపు కింద నుంచి ఆ రంగు మెట్ల మీదికి, మెట్ల నుంచి మోరీలోకి పోయింది. ఇంకో ఊళ్ళో అయితే అంత రంగు చూసి జనం పోగయ్యేవాళ్ళు. మా వీధి మోరీ ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా పారుతుంది కాబట్టి ఎవరూ తల తిప్పి చూడలేదు. ఇవాళ ఊదా రంగు అద్దుతున్నట్టున్నారు అనుకున్నారు.

మరో ఏడు పలుచటి గుడ్డ వదులుగా కప్పారు. అది పులుస్తున్న రోజుల్లోనే మా గుమ్మంలోకి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ఇంటి నిండా ఆ వాసనే. అమ్మ జాడీ మీద చీర కప్పి దాని ముందు రాట్నం పెట్టుకొని కండెలు చుట్టడం మొదలుపెట్టింది. బాపమ్మ ఎవరూ చెప్పకుండానే పడుకొని మూలగడం అందుకుంది. బాపు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆ కానిస్టేబుల్ కాసేపు పందిరి వైపు చూసి, టోపీ తీసి, మా అత్తగారు వచ్చినప్పుడల్లా ఈ తీగ గురించే చెబుతుంది, ఒక కొమ్మ ఇస్తారా అని హిందీలో అడిగాడు. బాపు పరుగున కత్తి తెచ్చాడు. పాపం అని ఒక ఆకు కూడా తుంచని మనిషి, ఆ రోజు ఒక కొమ్మ అడిగిన వాడికి మూడు కోసి ఇచ్చాడు. పోతూ పోతూ ఆ కానిస్టేబుల్, మీ ఇంట్లో ఊరగాయ వాసన బాగుంది అన్నాడు. ఆయన దిగిపోయాక కూడా బాపమ్మ చాలాసేపు మూలుగుతూనే ఉంది, ఆపడం మరచిపోయింది.

వడకట్టిన రోజు బాపమ్మకు ఇత్తడి గ్లాసులో పోసి బాపు ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ముఖంలో అంత ఆదుర్దా నా పరీక్షల ఫలితాలకు కూడా నేను చూడలేదు. బాపమ్మ కళ్ళు మూసుకొని తాగింది. నాలుక చప్పరించింది. "తాటికల్లు గాదు" అంది. బాపు తల వంచుకున్నాడు. ఇంకో గుక్క తాగి, "గాకున్నా తియ్యి, కాకి కాదనది" అంది. బాపు నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తల్లి ఇక ఊరికి తోలియ్యమని అడగదు. సూరత్‌లోనే నిశ్చింతగా చనిపోవచ్చు. ఒక కొడుకు తల్లికి ఇంతకన్నా ఏం చేయగలడు అన్నట్టు ఎల్లయ్య కాక కూడా గ్లాసు పట్టుకొచ్చాడు.

కానీ ఏర్పాటు కుదిరాక బాపమ్మ చావడం మానేసింది. తన కోసం దాచిన సరుకు చెడిపోయిందో బాగుందో తనే చూసుకోవాలి కదా. కాబట్టి రోజూ పొద్దుగూకే వేళ కొంచెం రుచి చూసేది. "నా దొప్పల వోసేది నేను సూసుకోకపోతే ఎవలు సూస్తరు?" అనేది. మొదట మూతెడు, తర్వాత గ్లాసెడు. బుగ్గలు ఎర్రబడ్డాయి, నడుము నొప్పి పోయింది, సాంచెల చప్పుడుకు తల ఊపుతూ పాటలు ఎత్తుకునేది. వానాకాలం దాటేసరికి జాడీ అడుగు కనిపించేది. బాపు మళ్ళీ పండ్ల కోసం ఎండాకాలం దాకా చూడాలి, ఈలోపు తల్లికి ఏమైనా అయితే ఎట్లా అని వణికేవాడు. ఆమెకు ఏమీ కాలేదు. ఏటా చావు కోసం పెట్టడం, ఏటా ఆమే తాగి బతకడం. "అత్తమ్మా, జర మిగలనియ్యుండ్రి, అవసరానికి లేకపోతే ఆయన తట్టుకోడు" అని అమ్మ బతిమాలేది. "నేను బతికుండుడు గూడ అవసరమే గద బిడ్డా" అనేది బాపమ్మ.

చివరికి పోయింది. వానలు వెనకబట్టిన రోజుల్లో, పందిరి కింద కండెలు చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగింది. బాపు పనిలోంచి పరుగెత్తి వచ్చి, ముందు తల్లి దగ్గరికి, తర్వాత జాడీ దగ్గరికి పోయాడు. జాడీ బోర్లించి ఉంది. కడిగి ఆరబెట్టింది కూడా. మూడోనాడు డాబా మీద ఆకు పరిచి అన్నం, మాంసం పెట్టారు. దొప్ప ఖాళీగా ఉంది. దమణ్ నుంచి తెద్దామని అప్పుడు తట్టి ఒకరన్నారు, అప్పటికి పోయి వచ్చేంత వ్యవధి లేదు. సోడా పోద్దామని ఎల్లయ్య కాక మెల్లగా అని, అందరూ చూసేసరికి ఊరుకున్నాడు. బాపు ఆ దొప్ప ముందు కూర్చొని ఉన్నాడు. ఇన్నేళ్ళు పెంచి, మోసి, దాచి, ఆ ఒక్క పూటకు లేకుండా పోయింది. ఆయన అట్లా కూర్చోవడం చూసి నాకు బాపమ్మ మీద చచ్చేంత కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపం రాకూడదంటారు, వచ్చింది.

అప్పుడు మెట్ల మీద బా కనిపించింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఒక్కో మెట్టూ పట్టుకొని ఎక్కుతోంది. ఆమె వస్తోందని ఎవరో ఆకు మీద మాంసాన్ని తువ్వాలతో కప్పబోయారు, ఆమె వద్దని చేయి ఊపింది. కొంగు కింద నుంచి ఒక సీసా తీసింది. నూనె సీసాను శుభ్రంగా కడిగి, మూతికి మైనం పెట్టి ఉంది. బాపమ్మ ప్రతి ఏడూ జాడీ వడకట్టగానే ఒక సీసా తెచ్చి బా దగ్గర దాచేదట, కొత్తది రాగానే పాతది పట్టుకుపోయేదట. ఇంట్లో ఉంటే తన నాలుక ఊరుకోదని సైగ చేసి చెప్పిందట. దాన్ని బా తన పూజ అలమారలో, గంగాజలం చెంబు వెనక పెట్టింది. అందులో ఏముందో మీకు తెలుసా అని అమ్మ తడబడుతూ అడిగింది. బా, తన హిందీలో, "ఉస్‌నే బోలా థా, జానే కే టైమ్ కా హై" అంది. పోయేటప్పటిదని చెప్పింది, అంతే, ఇంకేం తెలియాలి అన్నట్టు చూసింది. బాపు గోరుతో గీకినా మైనం రాలేదు. బా తనే తీసి, ముఖం పక్కకు తిప్పుకొని, దొప్ప నిండా పోసింది.

ముందు పావురాలు వచ్చాయి. సూరత్ పావురాలు కదా, మాంసం జోలికి పోకుండా అన్నం మెతుకులే ఏరుకున్నాయి. పావురం పిట్ట లెక్కలోకి వస్తుందా రాదా అని మావాళ్ళలో వాదన లేచి, రెండు జట్లు అయ్యారు. వాదన నడుస్తుండగానే కాకి వచ్చింది. మాంసం ముక్క అందుకుంది. పోతూ దొప్పను కాలితో తన్నింది, అదంతా డాబా మీద పారింది. తాగినట్టా, పారబోసినట్టా అని అందరూ ఎల్లయ్య కాక వైపు చూశారు. "తాగింది" అన్నాడు ఆయన. జీవితంలో ఆ ఒక్కసారి ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. బాపు అప్పుడు ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు ఏడవని మనిషి, ఆ తడి నేల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏడ్చాడు.

ఇదంతా నేను వికాస్‌కు చెబుతున్నప్పుడు వాడు నవ్వుతూనే ఉన్నాడు. అంతలో వాళ్ళావిడ చల్లటి ద్రాక్షరసం గ్లాసులో తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ పొద్దునే పిండిందట, చక్కెర లేదు, ఏమీ లేదు. పక్కనే గాజు సీసా నిండా ఇంకా ఉంది. "పక్కా జ్యూసే అత్తమ్మా, పులియనియ్య, సొసైటీల రూల్స్ ఉన్నయి" అన్నాడు. నేను గ్లాసు పట్టుకొని తాగకుండా ఉండిపోయాను. వాడు బాపు గురించే మళ్ళీ అడిగాడు. "మరి తాత వోయినప్పుడు ఏం వోసిండ్రు దొప్పల? నాకు యాదికి లేదు."

వాడికి గుర్తుండదు. అప్పుడు వాడికి పదో తరగతి పరీక్షలు, ఆ పూట వాడు మాతో లేడు. అప్పటికి ఆ చాలీ లేదు, దాని మీద గుడ్డల మార్కెట్టు లేచింది. తీగ ఏ లారీలో పోయిందో తెలియదు. బా ఎప్పుడో పోయింది. బాపు మా తమ్ముడి ఫ్లాటులో పోయాడు. బాల్కనీలన్నిటికీ పావురాలు రాకుండా వలలు కట్టి ఉన్నాయి, పిట్టను రానివ్వని ఇంట్లో పిట్టకు పెట్టడం ఎట్లా. డాబా తాళం కోసం కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే, శాకాహారం అయితేనే అని ఇచ్చారు. క్యాటరింగ్ వాళ్ళ భోజనమే ఆకులో పెట్టాం. పనీర్ కూర, గులాబ్‌జామ్, కాగితం గ్లాసులో కూల్‌డ్రింకు. ఇదేందిరా అని నేను తమ్ముణ్ణి కోప్పడ్డాను. "ఏం జేస్తమక్కా, బాపు అడ్జస్ట్ చేసుకుంటడు" అన్నాడు. నిజమే, బతికినన్నాళ్ళూ చేసుకున్నాడు. కూల్‌డ్రింకులో బుడగలన్నీ పోయేదాకా నిలబడ్డాం. కాకి రాలేదు. వాచ్‌మన్ తాళం వేసుకోవాలని వచ్చాడు, ఆకు మడిచి చెత్తబుట్టలో వేశాం. తల్లి దొప్ప కోసం అన్నేళ్ళు తిప్పలు పడిన మనిషికి ఒక గుక్క పోయలేకపోయాం. నాకు ఆ దుఃఖం తీరలేదు, తీరుతుందన్న ఆశ కూడా లేదు.

ఇది విని వికాస్ నవ్వలేదు. ఫోను తీశాడు. ఏదో గంట మోగిందనుకున్నాను. "పెత్తరమాస ఎప్పుడొస్తది అత్తమ్మా?" అని అడిగాడు. పోయిన పెద్దలకు పెట్టే అమావాస్య పేరు ఆ పిల్లాడి నోట వింటానని నేను అనుకోలేదు. వానలు పోయినంక, బతుకమ్మ ముంగట అన్నాను. వాడు ఫోనులో వెతికి, చాలా దినాలుంది, అప్పటికి పులుస్తది గద అన్నాడు. మరి మీ సొసైటీ అన్నాను. "సొసైటీకి ఎవలు చెప్తరు?" అని లోపలికి పోయి చక్కెర డబ్బా తెచ్చి సీసాలో వంచాడు. మూతికి గుడ్డ వదులుగా కట్టమని చెప్పాను. కడుతూ కడుతూ ఆగి, నా చేతిలో ఉన్న గ్లాసు చూశాడు.

"గది తాగకు అత్తమ్మా" అన్నాడు. "తాతది."

గ్లాసు నా చేతిలోంచి తీసుకొని, ఒక్క చుక్క కింద పడకుండా సీసాలో పోసేశాడు. నేను ఆ రోజు దాహంతోనే ఇంటికి వచ్చాను. అంత సంతోషం నాకు కలిగి చాలా ఏళ్ళయింది.